మోచెయ్యి ఎక్కడుందో అక్కడే

జయపురంలో బండి తీసేటప్పటికే వీపు చెమట.
ఘాటీ మూడో మలుపులో కుహుడి.
పొగమంచు అనే మన మాట
నాకు ఆ తర్వాతెప్పుడో గుర్తొస్తుంది.
కొరాపుట్ చేరేసరికి పళ్ళు టకటకలాడతాయి.
ఇరవై రెండు కిలోమీటర్లలో
మూడు కాలాలు దాటి డ్యూటీకి వెళ్ళేదాన్ని,
ఏ ఒక్క కోటు తొడుక్కోమంటారు?

కైలాస్ బిసోయి కొట్లో ఉన్నవన్నీ దించాడు.
తోలుది: రాజాలా ఉంది, ఎత్తితే దూడంత బరువు,
ఆషాఢంలో తడిస్తే దసరాకి ఆరుతుంది.
మెష్‌ది: మే నెలకి బంగారం.
డిసెంబరు పొద్దున్న మాత్రం
గాలి లోపలికొచ్చి పక్కటెముకలు లెక్కపెడుతుంది.
ఇంకోటి, మందం బట్ట. లోపల చలి పొర,
దాని లోపల వాన పొర, జిప్పులు తీస్తూపోతే ఉల్లిపాయ.
"దారిలో వానొస్తేనో?"
"బండి ఆపి, విప్పి, లోపలి పొర బిగించి, మళ్ళీ..."
ఘాటీలో, బాక్సైటు లారీల మధ్య,
నేను విప్పుకుంటూ తొడుక్కుంటూ నిలబడటం
అతని కళ్ళముందుకీ వచ్చినట్టుంది,
మిగతా మాట మింగేశాడు.

పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీస్తాను నేను.
సోమవారాలు మణికట్లు ఎక్కువ.
పెళ్ళిళ్ళ రోజుల్లో జబ్బలు, సంతనాడు మోకాళ్ళు.
పడేవాడు చేతులు ముందుకి చాస్తాడు,
భూమిని కాస్త ఆగమన్నట్టు.
"ఊపిరి బిగపట్టు, కదలకు" అంటాను
తెలుగులో, ఒడియాలో, వచ్చీరాని దేసియాలో.

అందుకే రంగు సంగతి అడగలేదు.
చేతుల్లోకి చెయ్యి పెట్టి
గట్టి మెత్త ఎక్కడుందో తడిమాను.
నా మోచెయ్యి ఒకచోట, అది ఇంకోచోట,
బెత్తెడు జారి
ఎవరూ అడగని ముంజేతికి కాపలా కాస్తోంది.
"ఆడవాళ్ళ సైజు కటక్ నుంచి రావాలి మేడమ్.
మగవాళ్ళ స్మాలే తీసుకెళ్తారు అందరూ."
"అందరూ అంటే?"
లెక్కపెట్టుకున్నాడు.
"మీరే మొదలు."

చివరికి మెష్‌దే.
మీదికి నిమ్మపండు రంగు వానకోటు,
బూటు విప్పకుండా దూరేటంత వదులు ప్యాంటు.
చలికి లోపల మా ఆయన పాత స్వెట్టరు,
అది ఎటూ నాదే ఇప్పుడు.
వెన్ను మెత్త వద్దంటే నాలుగొందలు తగ్గుతుందన్నాడు.
పోయిన శ్రావణంలో నేను తీసిన ఒక వెన్ను గుర్తొచ్చింది.
పందొమ్మిదేళ్ళది.
తగ్గించొద్దన్నాను.

మోచేతి జేబు విప్పి పైకి కుట్టమంటే
ఎర్రన్న మేస్త్రి కళ్ళద్దాల మీంచి చూశాడు.
"ఏటమ్మా ఇది, యుద్ధానికేటి?"
"కొరాపుట్‌కి."
"రెండూ ఒకటే" అన్నాడు, పంటికింద దారం తియ్యకుండా.
హేండిల్ పట్టుకున్నట్టు చెయ్యి మడవమన్నాడు.
సరిగ్గా ఎముక మీద
సుద్దతో గీత గీశాడు.
రోజూ నేను పెట్టే కుడి ఎడమల సీసం గుర్తులాగ.
చేతి పని తెలిసిన మనిషి,
ఏ ఎముక పేరూ తెలీదు.

నిన్న ఆఖరి పేషెంటు వెళ్ళాక
తలుపు దగ్గరేసి కోటుని బల్లమీద పడుకోబెట్టాను.
"దీనికేమైంది?" అని మినతి నవ్వు.
"ఊపిరి బిగపట్టు" అన్నాను కోటుతో.

తెరమీద ఇత్తడి జిప్పు
పళ్ళు పళ్ళుగా తెల్లగా, వెన్నుపూసల్లే.
మెడ దగ్గర ఒక గుండీ, చందమామ.
మోచేతి దగ్గర ఏమీ లేదు.
భుజాల దగ్గరా లేదు.
నా జీతంలో మూడోవంతు పోసి కొన్నది
నా మెషీను కంటికి ఆనలేదు.

"ఉందా అసలు?" మినతికి కంగారు.
వేలితో నొక్కాను. ఉంది.
తొడుక్కుని, చెయ్యి మడిచి మళ్ళీ నొక్కాను.

బయటికొస్తే కొండమీంచి వాన దిగుతోంది.
నిమ్మపండు రంగు వానకోటు
ఇంట్లో దండెం మీద, పొడిగా.