నడుమ పోయిన ఫారాలు

మురహరి సారు తెచ్చిన పుస్తకానికి
వెన్ను లేదు.
అట్ట మీద ఒక రష్యా దొర,
తెల్ల విగ్గు, ఛాతీకి అడ్డంగ నీలం పట్టీ,
ఒక కన్ను చెదలు తిన్నది.
"జిల్దు గట్టియ్యి లాలప్పా,
ఎన్ని రోజులైనా మంచిదే" అన్నడు.

కొల్లాపురం పాత బస్టాండు ఎనుక నా దుకాణం.
మైదా గంజిల చిటికెడు మైలుతుత్తం కలిపి
స్టవు మీద పెట్టిన.
జిల్దు కట్టేటోడు ఏ పుస్తకమైనా
గంజి ఉడికేదాకనే చదువుతడు.

ఆర్సెనీ లుగొవీనొవ్. పుట్టుడే కౌంటు.
తండ్రి పోయిన్నాడు పిలగానికి తొమ్మిదేండ్లు,
వాటాకు వచ్చినయి రెండు అడవులు, ఒక చేపల చెరువు,
పదకొండు వందల ఆత్మలు.
ఆత్మలంటే?
గంజి అడుగంటుతున్నా మల్లోసారి చదివిన.
ఆత్మలంటే మనుషులే. దున్నేటోళ్లు.
ఆడోళ్లను లెక్కకు పట్టరట.

పదహారో ఏట పటాలంల చేరిండు.
ఫ్రెంచి నేర్చిండు, వంగుడు నేర్చిండు,
మహారాణి ముందర ఎంత వంగాలె,
ఆమె కుక్క ముందర ఎంత వంగాలె.
ఇరవై ఆరో ఏట మొదటి కొలువు:
కలం వట్టుకొని సంతకాల గదిలకు పోయిండు

ఆడికి ముప్పై రెండో పుట.
దాని ఎనుక నూటా ఇరవై తొమ్మిది.

ఆరు ఫారాలు లేవు.
చెదలు తిన్నయో, చుడువ పొట్లాలైనయో.
ముగ్గురు మహారాణుల కొలువు, మంత్రి పదవి,
తవ్వించిన కాలువ, మెడల పతకాలు,
విషయసూచికల పేర్లు మాత్రం మిగిలినయి.
నూటా ఇరవై తొమ్మిదిల ఆయన ముసలోడు.
నేరమేందో రాసిన పుట పోయింది,
శిక్ష ఉన్నది.
మంచుల ఒంటిగది ఇల్లు. పొయ్యి ఊదరాక
పొగకు దగ్గుతుంటడు.
ఎంట వచ్చిన ప్రోఖోర్ అనే ఒక్క ఆత్మ
ఊది పెట్టి, మాట్లాడకుండ పోతడు.

"నౌకరంత లేదు సారూ, నడుమల" అన్న.
సారు నవ్వలేదు.
"అన్ని ఖాళీ కాయితాలు పెట్టి కుట్టు."
తొంభై ఆరు పుటల తెల్ల కాయితం. కుట్టిన.
వెన్నుకు ఎర్ర కాలికో.
అడిగిందానికి పది రూపాయలు ఎక్కువిచ్చిండు.

సారు గిర్దావరు చేసిండని అందరికెరుక.
ఏడ చేసిండో ఆయన నోట ఎవరూ వినలేదు.
కృష్ణ నీళ్లు ఎనుకకు తన్ని ఊర్లు మునిగినప్పుడు
ఇంటింటికి టేపు పట్టినోళ్లల్ల
ఈయన ఉండెనని మా అమ్మ అనేది.
అమ్మ పుట్టిల్లు ఆ నీళ్ల కిందనే.
ఎండకాలం నీళ్లు దిగితే దర్గా గోడ తేలుతదట.
నేను పోయి చూడలేదు.

రెండేండ్లకు పుస్తకం మల్ల వచ్చింది.
కోడలు తెచ్చింది. వానకు అట్ట ఉబ్బింది.
కుట్లు విప్పిన.
తెల్ల పుటలు తెల్లగ లేవు.
పెన్సిలు, గిర్దావరు దస్తూరి, గీసిన గళ్లు:
చింతచెట్లు నాలుగు, ఒక్కటికి ఇంత.
గచ్చు బావి, సగం కూలింది, సగం ధర.
కోళ్లగూడు, ధర లేదు.
ముసలవ్వ, గడప ఇడువదు. మల్ల పోవాలె.
మల్ల పోవాలె.
ఒకతాన "రాత్రి, జీపు లైట్లు" అని రాసి
కాయితం చినిగేదాక కొట్టేసిండు.
నేను అన్న మాట ఏ పుటలా లేదు.

గళ్ల పైన "మనుషులు" అని రాసి, దిద్ది,
"ఆత్మలు" అన్నడు.
పిల్లాజెల్లా కలిపే లెక్క.

దూదేకులోళ్ల ఇల్లు, మట్టిమిద్దె, ఒక వేప.
ఆత్మలు: ఆడోళ్లతోని కలిపి ఆరు.
ఆ ఆరుగుర్ల మా అమ్మ ఉన్నదో,
అప్పటికే పెండ్లై బయటపడ్డదో
లెక్క కట్టబోయి ఊకున్న.

నలభై పుటలు నిండి, తర్వాత ఖాళీ.
ఆ తర్వాత కౌంటు, మంచుల, దగ్గు.

"సారుకు చూపు తగ్గింది, ఇగ రాయడు" అన్నది కోడలు,
"కని మిగిలిన ఖాళీలు తీయొద్దన్నడు."

సరేనన్న.
ఈసారి గంజిల
మైలుతుత్తం రెండింతలు ఏసిన.