గోడలో గీత

సిరొంచ బడి. నాలుగో తరగతి. కోటల పాఠం.
రాజుల ఏండ్లు మరాఠీలో చెప్పి
మళ్లీ తెలుగులో చెప్పాను.
రెండు భాషల్లోనూ ఆవులించారు.

చాక్‌పీసు పక్కన పెట్టి
గోడసున్నం గోటితో గీకాను.
లోపల బొగ్గుగీత, వంకర అక్షరాలు:
"ప్రాణహిత ఈడిదాంక వచ్చింది."

లచ్చుబాయి ఉరికొచ్చి వీపానించి నిలబడింది.
గీత ఆమె రిబ్బను మీద ఇంకో జానెడు.
"అప్పుడు మా నాయిన ఏడున్నడు సారూ?"
"ఇంట్ల అడుగు."
అదే ఆ రోజు ఇంటిపని.

తెల్లారి హాజరు పిలవకముందే లేచింది.
"నాయినమ్మ కుడిభుజం మీద మా నాయిన.
ఎడమదాని మీద చిన్నాయిన ఉండెనట.
ఇంక పేరు వెట్టలేదట."

పరీక్షలో కోటలే వస్తాయి.
నల్లబల్ల మీద, తేదీ కింద,
'ఎడమ భుజం' అని రాసి
తుడవకుండా ఇంటికెళ్లాను.