రొట్టెలబండి గొంతు

మూడు వారాలు నీ షెడ్డులో పడుంది నా వ్యాను, అబీలియూ.
ఆ మూడు వారాలూ మా బావగారి ట్రాక్టరు ట్రాలీలో
ఐసు పరిచి సార్డీన్లు అమ్మాను.
రెండో రోజుకే ఊరి పిల్లులన్నీ నాకు చుట్టాలైపోయాయి.

ఆరువందల నలభై యూరోలు.
బిల్లు మీద నీ మేనల్లుడి వంకర రాత:
క్లచ్. వాటర్ పంపు. ఇతరములు.
ఆ ఇతరముల దగ్గరే ఆగి అడగాల్సింది.
అడగలేదు. తాళంచెవి చేతిలో పడగానే
తప్పిపోయిన మేక దొరికినంత సంబరం నాకు.

ముందు క్లచ్ సంగతి.
రెండో గేరు పడాలంటే ఇప్పటికీ బతిమాలాలి.
పడ్డాక, కాఫీ మరలో రాయి పడ్డ చప్పుడు.
"పాత బండి కదా ఒలింపియా, ముప్పైమూడేళ్లు" అన్నావు.
నాకు అరవై ఒకటి.
మోకాలు చూపించుకోడానికి వెళితే డాక్టరు
డబ్బులు తీసుకుని "పాత మనిషివి కదా" అని పంపేస్తే
నువ్వైనా ఊరుకుంటావా?

నీళ్లు కారడం ఆగింది. అబద్ధమెందుకు, ఆగింది.
ఇప్పుడు నూనె కారుతోంది.
ఇంటి ముందు రాతి చప్టా మీద
రోజూ తెల్లారేసరికి ఒక నల్లచుక్క,
ఎవరో దిష్టి తగలకుండా పెట్టి వెళ్తున్నట్టు.
అదీ సర్దుకునేదాన్నే,
కింద ఒక అట్టముక్క వేసుకుని.

కానీ హారన్ మార్చావు.
ఎవరడిగారు నిన్ను?

ఆ పాత హారన్
తుక్కుకింద అమ్మేసిన బస్సులోంచి
రెండు కిలోల ఆక్టోపస్ ఇచ్చి నేను బేరమాడి తెచ్చుకున్నది.
జలుబు చేసిన బాతు అరిచినట్టుండేది. ఉండనీ.
ఈ కొండల మీద వీధుల్లో మనుషులు లేరు, చెవులే ఉన్నాయి.
పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మలకి
సన్నటి కూత రొట్టెలబండి,
గంట మోగితే గ్యాసు సిలిండర్లు,
బాతు అరిస్తే చేపలు, అంటే మంగళవారమో శుక్రవారమో.

మంగళవారం మొదటి ఊళ్లో హారన్ కొట్టాను.
సన్నగా, తీయగా, సిగ్గులేకుండా కూసింది.
పదకొండు పొగగొట్టాలు, నాలుగింట్లోనే పొగ.
ఎర్మెలిండా వచ్చింది, చెప్పుల్లో, గుడ్డసంచితో,
గుప్పిట్లో రొట్టెకి సరిపడా చిల్లర.
వెనక తలుపు తీసి చూపిస్తే
చేపల కళ్లల్లోకి చాలాసేపు చూసింది.
"ఇవాళ మంగళవారమా?" అంది.
నేను చెబితే తప్ప ఆవిడకి వారం తెలియదని
ఇన్నేళ్లూ నాకే తెలియదు.

అవతలి ఊళ్లో అసలు రొట్టెలబండి జెఫెరీను
నా మీద కేకలేశాడు.
అతని దగ్గరికి ఇద్దరు పళ్లేలు పట్టుకొచ్చారట,
చేపలకోసం.
సగం పెట్టె వెనక్కి తెచ్చాను. పిల్లులు ఎదురొచ్చాయి.

నీ దగ్గరికొచ్చి అడిగితే నవ్వావు.
"కొత్తది, మంచిది, దానికి డబ్బులు కూడా వేయలేదు."
అడగని మేలుకి బదులు చెప్పడం
నాకు చేతకాదు అబీలియూ, గొంతు పెగల్లేదు.

నువ్వు కాఫీకి వెళ్లావు.
అప్పటిదాకా బూట్లకేసి చూస్తున్న నీ మేనల్లుడు
లోపలికెళ్లి, పాత ఫిల్టర్ల డ్రమ్ములో
మోచేతిదాకా చెయ్యి పెట్టి దాన్ని పైకి తీశాడు.
వాడే అక్కడ దాచాడట, మోటారుసైకిలుకి పెట్టుకోవాలని.
వాళ్ల నాయనమ్మ ఊళ్లో
చిన్నప్పుడు విన్నాడట.
రెండు స్క్రూలు, ఒక వైరు. పది నిమిషాల పని.
రెండు కిలోల సార్డీన్లిచ్చాను. వాణ్ణి తిట్టకు.

నిన్న శుక్రవారం. ఎర్మెలిండా పళ్లెంతో వచ్చింది.
ఏమీ అనలేదు. బేరం మాత్రం ఆడింది.

రెండో గేరు ఇంకా అలాగే ఉంది. నూనె కూడా.
సోమవారం పొద్దున్నే వస్తున్నా.
మలుపు దగ్గర్నించే హారన్ కొట్టుకుంటూ వస్తా,
కాఫీకని బయల్దేరబోకు.
వచ్చేదెవరో ఈసారి నీకు వినబడుతుంది.