పదకొండో స్టాపు

నా రూమ్మేట్లు ముగ్గురూ ఫ్లోరిడా వెళ్ళారు.
ఇసుకలో పాదాల ఫోటో పంపారు:
ఆరు పాదాలు, ముప్పై గోళ్ళకీ నారింజ రంగు.
నేను పద్నాలుగు మైళ్ళు వెళ్ళాను.
పొద్దున్నే బయల్దేరి నడిచినా
మధ్యాహ్నానికి చేరిపోయే దూరం.
నవంబరు తర్వాత ఇదే రావడం.

విస్కాన్సిన్‌లో మార్చిని వసంతమని
క్యాలెండరొక్కటే నమ్ముతుంది.
రోడ్డు పక్క మంచు కుప్పలు
మాడిన అట్టు అంచుల్లా నల్లబడ్డాయి.
వాటి కిందనుంచి డిసెంబరు బయటపడుతోంది,
ఒంటి చేతితొడుగు, బీరు డబ్బా,
ఎవరిదో పండగ రిబ్బను.

అమ్మ స్కూలు బస్సు నడుపుతుంది.
వాళ్ళ సెలవులు వేరు, మా సెలవులు వేరు.
సోమవారం మధ్యాహ్నం దాకా పడుకున్నాను.
మంగళవారం నాలుగున్నరకి
వంటింట్లో చెంచా చప్పుడుకి మెలకువొచ్చి
ఏం తోచక "నేనూ రానా?" అన్నాను.
"బూట్లు వేసుకో" అంది. అంతే.

డ్రైవరు వెనక మొదటి సీటు నాది.
అది వాంతులయ్యే పిల్లల సీటని
అమ్మ చెప్పలేదు, ఒకటో తరగతి ఓటిస్ చెప్పాడు,
నా పక్కనే కూర్చుని, చాలా మర్యాదగా.

పై అద్దంలో అమ్మ కళ్ళు మాత్రమే కనిపిస్తాయి.
ఆ రెండు కళ్ళతోనే
నలభై మందిని కుదురుగా కూర్చోబెడుతుంది.
పా హువా మెట్టెక్కుతూనే తమ్ముడి టోపీ సర్దుతుంది.
బ్రెక్కె వాళ్ళ కవలలు ఒకే అరటిపండు కోసం
వారానికి ఐదు రోజులూ కొట్టుకుంటారు.
మీసాలొస్తున్న గారెట్ దిగేటప్పుడు
గొంతు బరువు చేసుకుని "థాంక్స్, లోర్నా" అంటాడు.
అమ్మకో పేరుందని
నాకు ఉలిక్కిపడినంత పనైంది.

పదకొండో స్టాపు.
కోసేసిన మొక్కజొన్న మోళ్ళు,
ఒక పక్కకి ఒరిగిన ఉత్తరాల డబ్బా.
ఎవరూ లేరు.
అమ్మ బస్సాపింది. ఎర్రదీపాలు వెలిగాయి. తలుపు తెరిచింది.
చలి మెట్లెక్కి లోపలికొచ్చింది.
ఆ ఇంటి కిటికీలకి తెరల్లేవు,
వాకిట్లో టైరు జాడల్లేవు.
అమ్మ పెదాలు కదిలాయి, లెక్కపెడుతూ.
తలుపు మూసింది.

"జాస్పర్ వాళ్ళు జనవరిలోనే వెళ్ళిపోయారు"
ఓటిస్ నా చెవిలో చెప్పాడు.
"మరెందుకమ్మా ఆపడం?"
"కాగితంలోంచి ఇంకా తియ్యలేదు"
అని బ్రేకు వదిలింది.

బుధవారం అదే. గురువారం అదే.
పిల్లల్ని దింపేశాక ఖాళీ బస్సు ఊడ్చుకుంటూ
దొరికిన ప్రతి చేతితొడుగునీ
అట్టపెట్టెలో వేస్తుంది, జత కుదిరినా కుదరకున్నా.
నేను చీపురు అడిగాను.
"వెనక సీట్ల కింద చూయింగ్ గమ్ముంటుంది, చూసుకో" అంది.
ఆ వారం మేం మాట్లాడుకున్న పెద్ద మాటల్లో అదొకటి.

శుక్రవారం నేనూ లోపల్లోపల లెక్కపెట్టాను.
నా పది అయిపోయింది.
అమ్మ పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి నా గదిలో హీటరు మీద
తడి మేజోళ్ళు ఆరేస్తుంటే తట్టింది,
వచ్చిన రోజు కూడా ఈ గది వెచ్చగానే ఉంది.
వస్తున్నానని నేను ముందుగా చెప్పలేదు.
ఫ్రిజ్ మీద ఆయస్కాంతం కింద కరెంటు బిల్లులు,
డిసెంబరుది, జనవరిది, ఫిబ్రవరిది.
చూసి, ఉన్న వరసలోనే పెట్టేశాను.

ఆదివారం అమ్మే దింపింది.
దారంతా రేడియోలో వాతావరణం,
మళ్ళీ మంచు పడొచ్చట.
హాస్టల్ ముందు దిగి తలుపేశాను.
కారు కదల్లేదు.
మెట్లెక్కుతూ నెమ్మదిగా లెక్కపెట్టాను,
నా లెక్కలో కాదు, ఆవిడ లెక్కలో.
ఏడు దగ్గర వెనక్కి తిరిగాను.

బూట్లు కార్లోనే మర్చిపోయాను.