మిగిలిన బోల్టు

నైట్ డ్యూటీ దిగి వస్తుంటే
కాజీపేట బ్రిడ్జి నడుమ ఆగిపోయిందది.
వెనుక ఆర్టీసీ బస్సు, దాని వెనుక సిమెంటు లారీ,
హారన్లన్నీ నా మెడ మీదనే.
ఒకాయన బండి దిగకుండనే చెప్పిండు:
"ఇంట్ల మొగోళ్లెవలన్న ఉంటే ఫోన్ చెయ్యిరి మేడం."

ఉన్నది నేనే.
బానెట్ లేపిన.
మనిషి పొట్ట తెరిస్తే ఏది ఎక్కడుంటదో
కండ్లు మూసుకొని చెప్త,
పద్నాలుగేండ్లు థియేటర్ల నిలబడ్డదాన్ని.
ఇందుల నాకు తెలిసింది
అద్దం తుడిచే నీళ్ల డబ్బా ఒక్కటే.

మొగిలి వచ్చి చూసిండు.
బ్యాటరీ కొసలకు ఆకుపచ్చ బూజు.
చాయ్ బండికాడి వేడినీళ్లు తెచ్చి పోసిండు,
పండ్లు తోముకునే పాత బ్రష్షుతోని రుద్దిండు.
మూడు వందలు.
నా మంట పైసలకు కాదు.
అది నేను రోజూ చేసే పనే,
పుండు కడుగుడు.

ఆదివారం ములుగు రోడ్డుల ఆయన షెడ్డుకు పోయిన.
"నేర్పుడేంది సిస్టరమ్మ,
ఖరాబ్ చేసుకుంట నేర్చుకోవాలె" అని
నాలుగు పానాలు చేతుల పెట్టిండు.
"పది నంబరుది పైలం.
ముందుగాల పోయేది అదే."

ఎనుమాముల పత్తి అడ్తిదారు దగ్గర కొన్న కారు.
ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే
లోపల పత్తి.
ఎన్ని సీజన్లదో, దుమ్ము పట్టి ఎలుక తోలు తీరుగున్నది.
ఎవలి చేన్లదో, ఏ ధరకు పోయిందో,
తూకానికి రానిది
ఈడొచ్చి కూసున్నది బండి ముక్కుల.
పారేయ బుద్ధి కాలే. కొంచెంసేపు చేతుల పట్టుకున్న.

"జాకీని నమ్మకు, చెక్క దిమ్మెలు పెట్టు" అన్నడు. పెట్టిన.
సెలైన్ అట్టడబ్బాలు పరిచి ఎల్లెలుకల పండుకున్న.
కుడికి బిగువు, ఎడమకు వదులు,
పండుకుంటే నా కుడి ఏదో నాకే తెల్వలే.
తిప్పిన. కదల్లే. ఇంకింత బలం పెట్టిన.
ఒక్కసారి మెత్తగైంది.
గెలిచిన అనుకున్న.
"మర పోయింది" అన్నడు మొగిలి, వంగి చూసి.
నవ్వలే ఆయన.
నవ్వితే బాగుండు.

గోరుసందుల నల్లగీత చూసి హెడ్ నర్సు
"ఇదేంది స్వరూపరాణీ" అన్నది.
సర్ఫుల చక్కెర కలిపి రుద్దినా పోలే.
ఆ వారం రెండు జతల గ్లౌజులు తొడిగిన.

ఇంజిన్ల టకటక ఎక్కడిదో ఇనడానికి
మొగిలి పొడుగు స్క్రూడ్రైవర్ చెవికి ఆనిస్తడు.
నేను స్టెతస్కోప్ తీస్కపోయిన.
అటిటు తిప్పి, చెవుల పెట్టుకొని,
బండికన్న ముందు
తన ఛాతి మీద పెట్టుకున్నడు.
మస్తుసేపు అట్లనే నిలబడ్డడు,
చిన్నపిల్లగాడు శంఖం ఇన్నట్టు.
"నాదైతే మిస్సింగ్ లేదు గద సిస్టరమ్మ?"
తీసుకొని నేను ఇన్న.
మల్ల ఇన్న.
"సోమవారం ఓపీకి రా. చీటి నేను రాపిస్త."
"గిరాకీ ఉంటది" అన్నడు.

మొన్న ప్లగ్గులు మూడూ నేనే మార్చిన.
అన్నీ బిగించి చూస్తే
ట్రేల ఒక బోల్టు మిగిలింది.
థియేటర్ల గాజుగుడ్డలు ఒక్కటి లెక్క తప్పినా
పొట్ట కుట్టనియ్య.
డాక్టరు ఎంత ఒర్లినా, దారం ఇయ్య.
ఇక్కడ మూసినంక లెక్కపెట్టిన.

తాళం తిప్పిన. అంటుకున్నది.
అద్దాలు దించి, రేడియో బంద్ చేసి
మడికొండ దాక పోయి వచ్చిన.
ఏ చప్పుడూ లేదు.
చప్పుడుంటే ఎక్కడో తెలిసేది.

ఇయ్యాల సోమవారం.
పన్నెండుకు ఓపీ బంద్ అయితది.
కారిడార్ల రెండుసార్లు తొంగి చూసిన.
కోటు జేబుల మొగిలి పేరున్న చీటి,
దానికిందనే, చెయ్యి పెట్టినప్పుడల్లా సల్లగ తగులుకుంట,
పది నంబరుది.