లీటరున్నర చలి

కత్తిరి ఎండలు. రాత్రి తొమ్మిదైనా
రిచీ స్ట్రీట్ మేడ గోడలు చల్లారవు.
వేడిని చూసే కెమెరా ఇది,
ముందు దానికే చలి పుట్టించాలి.

అంబత్తూరులో ఫౌండ్రీ మూసేసినప్పుడు
తుక్కుతోపాటు తూకానికి కొన్నాను.
ముందున్న జెర్మేనియం కటకం
మన కంటికి గోడ, వేడికి కిటికీ.
లోపలి ఫ్లాస్కులో శూన్యం కారిపోయింది.
నైట్రోజన్ పోస్తే ఒళ్లంతా చెమట,
ఆపైన మంచు.

మూడు రాత్రులు పంపు ఆడించాను.
పెళుసెక్కిన రబ్బరు చుట్టు తీసి కొత్తది తొడిగాను.
గిర్రున తిరగాల్సిన అద్దం ఇరుసుకి ఒక్క చుక్క నూనె.
రెండో చుక్క పడిందా, అంతే సంగతులు.

పులిపిర్లు కాల్చే డాక్టరమ్మని బతిమాలి
లీటరున్నర తెచ్చాను.
పోశాను. బుసకొట్టింది, సణిగింది, ఊరుకుంది.

తెర మీద గీత. దాని కింద ఇంకో గీత.
సోల్డరింగ్ ఐరన్ తెల్లగా,
టీ గ్లాసు సగందాకా తెల్లగా.
నావైపు తిప్పుకుంటే
ఊపిరి పీల్చినప్పుడల్లా నల్లబడే ముక్కు.

ఇటు ప్లైవుడ్ గోడ.
గోడ మధ్యలో మసగ్గా ఒక వీపు,
రెండు భుజాలు.

దేవసహాయం.
కరెంటు బిల్లు వాటా దగ్గర మాటా మాటా పెరిగి
రెండేళ్లు.
నేను ఆనుకునే చోటే
అటునుంచి ఆనుకుంటాడని ఇవాళే తెలిసింది.

ఫోకస్ సరిచేసేలోపు చలి అయిపోయింది.
తెరంతా ఇసక.

గోడ మీద రెండుసార్లు కొట్టాను.
"ఎన్నయ్యా?"

పదో నంబరు స్పానర్ ఉందా, అడిగాను.
నా దగ్గర రెండున్నాయి.