సమానమైతే ఓడినట్టే

నవంబరు, మంగళవారం, ఇంకా తెల్లారలేదు.
ఫైర్ స్టేషన్‌లో ఎర్ర బండ్లను బయటికి తోలి
రెండు బల్లలు వేశాం.
రైలు కట్టకు పైవాళ్లకి ఒకటి, కిందివాళ్లకి ఒకటి.
నేలకి ఇంకా డీజిల్ వాసన.

వింటన్ ఫోర్డ్ అంటే ఇంతే:
క్లీవ్‌లాండ్ వెలుగులు ఆకాశానికి అంటించిన
నారింజ మరక కింద
కాసిని ఇళ్లు, రెండు పెట్రోలు బంకులు,
మధ్యలో ఆగకుండా పోయే గూడ్సు రైలు.

ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడ బడి బస్సు తోలాను.
ఓటర్ల జాబితా పట్టుకుని కూర్చున్నా
నాకు పేర్లు కనపడవు, స్టాపులే కనపడతాయి.
ఈ బట్టతల మనిషి మిల్ వీధి మూల,
రెండ్రోజులకోసారి ఒక బూటు లేకుండా ఎక్కేవాడు.
ఆ లాయరమ్మ వెనక సీటు, కిటికీ పక్క, వాంతులు.
సంతకం పెట్టమంటే ఇద్దరూ ఇప్పటికీ
నా కళ్లలోకి చూడరు.

కాగితం మీద ప్రశ్న ఒక్కటే.
వాగు వంతెన దాకా కాలిబాట వేయాలా,
ఇంటికి ఏడాదికి నలభై రెండు డాలర్ల పన్నుతో?

కట్టకు పైన, పచ్చికల మీద
"అవును" బోర్డులు నూట నలభై.
కుక్కతో తిరుగుతూ నేనే లెక్కపెట్టాను.
కట్టకు కింద ఒక్కటీ లేదు.
అక్కడ గడ్డి కూడా ఇంటి ఓనరుదే,
బోర్డు పాతాలంటే అడగాలి.
తెల్ల గీత మీద, కారు అద్దాలు ఒరుసుకుంటూ
బడికి నడిచేది మాత్రం అక్కడి పిల్లలే.

వెర్న్ ఆస్టర్‌హౌట్ నలభై ఏళ్లు వద్దన్నాడు.
గ్రంథాలయం వద్దు, ఈతకొలను వద్దు,
వీధి దీపాలూ వద్దు, "చీకటి ఉచితం కదా" అని.
అతని భార్య లూడీ అన్నిటికీ ఊ కొట్టేది.
ఇద్దరూ ఒకే కారులో వచ్చి
పక్కపక్క అరల్లో నిలబడి ఒకరినొకరు కొట్టేసుకుని
దారిలో గుడ్లు కొనుక్కుని ఇంటికెళ్లేవాళ్లు.
"మా ఇంటి ఓటు సున్నా" అని నవ్వేది.
సెప్టెంబరులో వెర్న్ పోయాడు.
కౌన్సిలర్ టకాచ్ పరామర్శకి వచ్చి
వేళ్ల మీద లెక్కవేసుకుంటూ వెళ్లాడు.

ఈసారి లూడీ ఒక్కతే వచ్చింది, నాలుగు దాటాక,
అతని వేటకోటు తొడుక్కుని,
చేతులు వేళ్లు దాటి వేలాడుతుంటే.
అరలో చాలాసేపు ఉంది.
వెళ్తూ నా బల్ల మీదకి వంగింది.
"ఆయన తరఫున వద్దన్నానే ఆర్డిత్.
ఆ మాట అనడానికి ఇంకెవరున్నారు?"
వినకూడని మాట. విన్నాను.
ఆమె కారు గుడ్ల దుకాణం వైపు తిరగలేదు.

ఏడున్నరకి తలుపులేశాం.
యంత్రం కిరాణా బిల్లంత పొడుగు చీటీ కక్కింది.
పైన అవును నూట పద్దెనిమిది, వద్దు అరవై ఒకటి.
కింద అవును తొంభై నాలుగు, వద్దు నూట యాభై ఒకటి.
చీటీ వెనక కూడాను. చెరిపి మళ్లీ కూడాను.
ఇటు రెండు వందల పన్నెండు. అటూ అంతే.
చట్టప్రకారం సమానమైతే ఓడినట్టే.

"వాళ్ల పిల్లల కోసమే కదా, వాళ్లకే అక్కర్లేదు,"
కిందివాళ్ల మీద కారాలు మిరియాలు నూరాడు టకాచ్.
పైన ఇరవై రెండు బోర్డులు
గడ్డిలోనే ఉండిపోయాయని అనలేదు.
బోర్డు లేని తొంభై నాలుగు మంది ఎవరని
ఎవరూ అడగలేదు.
లూడీ ఎప్పటిలా ఊ కొట్టి ఉంటే
రెండు వందల పదమూడు.
నేనూ చెప్పలేదు.

ఎర్ర బండ్లు లోపలికి వచ్చాక
తెల్ల గీత మీద ఇంటికి బయల్దేరాను.
వంతెన దగ్గర దీపాలు మీదికొస్తే
గట్టు దిగి బురదలో నిలబడ్డాను.
కాలికి తగిలింది చిన్న బూటు, ఎడమకాలిది,
నిండా నీళ్లు.
వంచేసి కంచె గుంజకి తగిలించాను,
ఏడేళ్లవాడికి
అందే ఎత్తులో.